కాలువకీ కరెంటుకీ ఊపిరితిత్తికీ ఒకటే చెట్టు బొమ్మ ఎందుకు?

శివారు చేను | జనవరి 12, రాత్రి 9:40

పండక్కి ఊరొచ్చాను. మాది గోదావరి మధ్య డెల్టాలో శివారు భూమి, అంటే కాలువ కొసన ఉన్నది. దాళ్వా (రెండో పంట) నాట్లు పడుతున్నాయి, నీళ్లు ఇంకా మా దాకా రాలేదు. పొద్దున్నే నాన్న గట్టు వెంబడి బయల్దేరితే నేనూ వెనకాల వెళ్లాను. మా చేలోకి నీళ్లు బోదె అనే సన్న కాలువ నుంచి వస్తాయి. బోదెకి పిల్ల కాలువ నుంచి, పిల్ల కాలువకి పంట కాలువ నుంచి, దానికి బొబ్బర్లంక దగ్గర మొదలయ్యే పెద్ద కాలువ నుంచి. పైకి నడుస్తున్నకొద్దీ కాలువ వెడల్పవుతుంది, గేటు పెద్దదవుతుంది, గేటు దగ్గరున్న మనిషి గొంతు కూడా పెద్దదవుతుంది.

హైదరాబాద్‌లో నా ఉద్యోగం నెట్‌వర్కింగ్. కంప్యూటర్లని కలిపే స్విచ్‌లు బిగించిన మా ర్యాకుల్లోనూ అచ్చం ఇదే వరస. కోర్ స్విచ్, దాని కింద డిస్ట్రిబ్యూషన్, దాని కింద యాక్సెస్, చివర ఎవరిదో ల్యాప్‌టాప్. ఇంటికొచ్చి కూర్చుంటే చెల్లి ఎంబీబీఎస్ పుస్తకంలో ఊపిరితిత్తి బొమ్మ తెరిచి ఉంది. తలకిందులుగా నిలబెట్టిన చెట్టు.

కాలువ తవ్వినవాళ్లు వేరు, ర్యాకు బిగించినవాళ్లు వేరు, మూడోదాన్ని అసలు ఎవరూ గీయలేదు. అయినా బొమ్మ ఒకటే. ఇది అవసరం కొద్దీ వచ్చిందా, లేక మన కళ్లకి ఎక్కడ చూసినా అంచెలే కనిపిస్తాయా? (హైరార్కీని 'అధికార శ్రేణి' అని రాస్తుంటారు. నాకు ఆ మాట నచ్చలేదు. బోదె మీద పిల్ల కాలువకి అధికారమేంటి? అందుకే అంచెలు అంటున్నాను.)

లెక్కల పిచ్చి | జనవరి 12, రాత్రి 10:15

కాగితం మీద చూద్దాం. 20 కిలోమీటర్ల పొడవునా 1000 చేలు వరసగా ఉన్నాయనుకోండి. ప్రతి రైతూ 'నాకు ఆనకట్ట నుంచి సొంత కాలువ కావాలి' అంటే, సగటున ఒక్కొక్కరికి 10 కిలోమీటర్లు. మొత్తం 10,000 కిలోమీటర్ల తవ్వకం. చేలకి చోటే మిగలదు.

అదే ఒక్క 20 కిలోమీటర్ల కాలువ తవ్వి, దాన్నుంచి చేను చేనుకీ 200 మీటర్ల బోదె లాగితే? 20 ప్లస్ 200, మొత్తం 220 కిలోమీటర్లు. తవ్వకం నలభై అయిదో వంతుకి పడిపోయింది. పైగా వెడల్పాటి కాలువలో పారే నీళ్లలో అడుగుకీ గట్లకీ తగిలే భాగం తక్కువ, కాబట్టి ఇంకిపోయేదీ తక్కువ. సన్న బోదెలు వెయ్యి ఆనకట్ట దాకా లాగితే సగం నీళ్లు మట్టే తాగేస్తుంది.

అయితే ఇందులో ఉన్నవి రెండే అంచెలు. మూడోదీ నాలుగోదీ ఎందుకు? పెద్ద కాలువ మీద 1000 తూములు పెడితే వాటన్నిటినీ చూసేదెవరు? 10 పంట కాలువలు, ఒక్కోదానికి 10 పిల్ల కాలువలు, ఒక్కోదానికి 10 బోదెలు అనుకోండి. తూముల లెక్క 1110 అయింది, అంటే పెరిగింది. కానీ ఏ ఒక్క మనిషీ పదికి మించి చూడక్కర్లేదు.

రిటైర్డ్ డెల్టా | జనవరి 13, ఉదయం 6:05

ముప్పై ఏళ్లు ఆ గట్ల మీదే నడిచినవాణ్ని. లెక్కల పిచ్చి గారి లెక్క బాగుంది, కాకపోతే నేల కాగితంలా చదునుగా ఉండదు.

కాలువ ఎప్పుడూ మెరక మీద వెళ్లాలి, అప్పుడే నీళ్లు రెండు పక్కలకీ వాటంతటవి దిగుతాయి. మరి డెల్టాలో మెరక ఎక్కడుంటుంది? గోదావరి పాత పాయల ఒడ్లే మెరక. వరదొచ్చినప్పుడల్లా ముతక ఒండ్రు ఒడ్డు దగ్గరే దిగబడిపోతుంది, సన్నది దూరంగా పోయి పల్లంలో పడుతుంది. వేల ఏళ్లు అలా జరిగితే ఒడ్లు ఎత్తవుతాయి. ధవళేశ్వరం దిగువన గౌతమి, వసిష్ఠ, వైనతేయ అని నది తనే చీలింది కదా, అలా చీలి విడిచిపెట్టిన పాత దారుల గట్ల మీదే చాలాచోట్ల మన కాలువలు పోతున్నాయి. కాటన్ దొర 1847లో పని మొదలుపెట్టి 1852కి ఆనకట్ట పూర్తిచేశాడు. చెట్టు బొమ్మ మాత్రం నది ముందే గీసి ఉంచింది.

ఇంకోటి. మీరంతా ఒక చెట్టే చూస్తున్నారు, అక్కడ ఉన్నవి రెండు. మెరక మీద పంట కాలువలు విడిపోతూ వస్తాయి. పల్లంలో మురుగు కాలువలు కలుస్తూ పోతాయి. చేను ఆ రెండిటి మధ్య ఉంటుంది. ఒక బోదె దింపుతుంది, ఇంకో బోదె తీసుకుపోతుంది. ఒకదాని వేళ్ల మధ్యలోకి ఇంకోదాని వేళ్లు దూర్చి చేతులు జోడించినట్టు.

గట్టు మీద గాలి | జనవరి 13, ఉదయం 6:20

అంటే దొరగారు కాపీ కొట్టారన్నమాట :)

బయాలజీ మేడం | జనవరి 13, ఉదయం 7:45

డెల్టా గారూ, మీ రెండు చెట్లని క్లాసులో ధమనులు, సిరలు అంటాం. చెయ్యి చెయ్యి కలిపే చోట రక్తకేశనాళికలు. మీ చేను ఉన్నది అక్కడే.

ఊపిరితిత్తి సంగతి చెప్తాను. గొంతు దగ్గరి గాలిగొట్టం నుంచి చివరి గాలితిత్తి దాకా దాదాపు 23 సార్లు చీలుతుంది. 23 సార్లు రెండేసి అంటే 83 లక్షల పైచిలుకు కొసలు. ఇన్ని కొమ్మలకీ 'నువ్వు ఇక్కడ చీలు' అని జన్యువుల్లో విడివిడిగా రాసి లేదు, రాయడానికి అంత చోటూ లేదు. 2008లో ఎలుక పిండాల ఊపిరితిత్తుల్ని కొమ్మ కొమ్మా గుర్తించి చూస్తే, మొత్తం చెట్టంతా మూడే మూడు రకాల చీలికలతో కట్టి ఉంది. గొట్టం పొడవునా పక్కకొమ్మలు రావడం ఒకటి, కొస రెండుగా చీలడం ఇంకోటి, ఆ చీలిక ప్రతిసారీ అడ్డం తిరగడం మూడోది. వీటినే మార్చి మార్చి వాడుతుంది. అంచెలు ఎవరో వేసినవి కావు. ఒకే పని మళ్లీ మళ్లీ చేస్తే మిగిలేవి.

మరి ఏ కొమ్మ ఎంత లావు ఉండాలి? నాళం సన్నమైతే గుండె గట్టిగా తోయాలి. లావైతే దాన్ని నింపే రక్తాన్ని తయారుచేసి పోషించాలి. రెండు ఖర్చులకీ మధ్య రాజీ ఎక్కడ కుదురుతుందో 1926లో సెసిల్ మర్రే లెక్కకట్టాడు. పెద్ద నాళం వ్యాసార్ధం ఘనం, పిల్ల నాళాల వ్యాసార్ధాల ఘనాల మొత్తానికి సమానం కావాలి. రెండు సమానమైన కొమ్మలైతే ఒక్కోటి తల్లినాళంలో 0.79 వంతు. గుండెకి ఆనుకుని ఉన్న పెద్ద నాళాల్లో ఇది సరిగ్గా కుదరదు గానీ, చిన్నవాటిలో చాలావరకు దగ్గరగానే ఉంటుంది.

33/11 | జనవరి 13, మధ్యాహ్నం 2:30

సబ్‌స్టేషన్ ఆపరేటర్ని, నైట్ డ్యూటీ దిగి నిద్రలేచి చదువుతున్నాను. మాదీ అదే చెట్టు. 400 కేవీ (కేవీ అంటే వెయ్యి వోల్టులు), 220, 132, 33, 11, చివర మీ ఇంట్లో 230 వోల్టులు. పైన అంత ఎక్కువ ఎందుకంటే, వోల్టేజీ పది రెట్లు పెంచితే అదే పవర్‌కి కరెంటు పదో వంతు చాలు, తీగలో వేడిగా పోయే నష్టం నూరో వంతుకి దిగుతుంది. అలాగని 400 కేవీని ఊళ్లోకి తెచ్చి ఫ్యాన్‌కి ఇవ్వలేం కదా. దూరానికి ఒకటి, ఇంటికి ఒకటి కావాల్సి వచ్చేసరికి మధ్యలో మెట్లు పడ్డాయి.

పుస్తకాల్లో కనపడని ఇంకో సంగతి. మా అంచెలు కరెంటు దింపడానికి ఎంతో, తప్పుని ఆపడానికీ అంతే. మీ ఇంట్లో షార్టయితే ముందు మీ ఎంసీబీ (బోర్డులో తనంతట పడే స్విచ్చు) పడిపోవాలి. అది పడకపోతే ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర ఫ్యూజు. అదీ పోకపోతే సబ్‌స్టేషన్లో 11 కేవీ ఫీడర్ (ఊళ్లకి వెళ్లే లైన్) బ్రేకర్. దాని పైన 33 కేవీ. కిందిదానికి అవకాశం ఇవ్వడం కోసం పై రిలేని (బ్రేకర్‌ని తెరిపించే పరికరం) సెకనులో మూడో వంతో, ఇంకొంచెమో ఆగేలా సెట్ చేస్తారు. రాత్రి పూట ప్యానెల్ ముందు కూర్చుంటే ఆ ఆగడం వినిపిస్తుంది. దూరంగా ఎక్కడో ఫాల్ట్, లైట్లు ఒక్కసారి డిమ్మవుతాయి, చెవులు రిక్కించి ఉంటాం, బ్రేకర్ 'ఢక్' మనకపోతే కిందెక్కడో ఫ్యూజు దాని పని అది చేసిందని అర్థం. టీ తాగొచ్చు.

ఆ మధ్య ఓ ఊళ్లో ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర ఫ్యూజు మాటిమాటికీ పోతోందని ఎవరో లావు తీగ చుట్టేశారు. ఇక అది పోలేదు. వారం తిరక్కుండా ఒక మోటారు వైండింగ్ కాలిపోతే ఆరు ఊళ్ల ఫీడర్ మొత్తం ట్రిప్పయింది. లైన్ మనిషికి మూడు గంటలు పట్టింది ఎక్కడో కనుక్కోవడానికి. తిట్లన్నీ నాకు ఫోన్లో.

పాయింటు పరమేశం | జనవరి 13, సాయంత్రం 5:10

ఇంత లెక్కలెందుకండీ. పైన ఒకడు, కింద కొందరు అనేది సృష్టి ధర్మం. కోళ్లలో లేదా? చీమలకి రాణి లేదా? మనుషుల్లో పెద్దా చిన్నా ఉందంటే గింజుకుంటారు గానీ, పైన చెప్పేవాడు లేకపోతే ఏదీ నడవదు. కాలువే చూడండి.

బయాలజీ మేడం | జనవరి 13, రాత్రి 8:00

పరమేశం గారూ, కోళ్ల ఉదాహరణ తెచ్చారు కాబట్టి కోళ్ల దగ్గరే కూర్చుందాం. మా అమ్మమ్మ ఇంట్లో నాటుకోళ్లుండేవి. సంత నుంచి కొత్త పెట్టని తెచ్చి వదిలితే రెండు రోజులు దొడ్డి దొడ్డంతా యుద్ధం. మూడో రోజుకి సర్దుకునేది. గింజలు చల్లితే ఎవరు ముందు, ఎవరు వెనక అనేది వాటికే తెలుసు, అమ్మమ్మకీ తెలుసు. దీన్ని 1920ల మొదట్లో పద్ధతిగా రాసిపెట్టింది నార్వే మనిషి షెల్డెరుప్ ఎబ్బె. చిన్నప్పటి నుంచి కోళ్లని చూస్తూ కూర్చున్నవాడు. ఆయనకి కనిపించినదాంట్లో అందరూ మరిచిపోయే ముక్క ఒకటుంది. ఒకటి రెండోదాన్ని పొడుస్తుంది, రెండోది మూడోదాన్ని, మూడోది మళ్లీ ఒకటోదాన్ని. అంటే కొన్నిచోట్ల అది నిచ్చెన కాదు, గుండ్రం.

ఇంకా అసలు సంగతి ఉంది. ఆ వరస ఎక్కడి నుంచి వచ్చింది? బలం ఉన్నది పైకి పోయిందనుకుంటాం. 2002లో ఐవన్ చేజ్, ఆయనతో పనిచేసినవాళ్లు చేపల్ని చిన్న చిన్న గుంపులుగా వదిలి, వరస ఏర్పడ్డాక విడదీసి, రెండు వారాల తర్వాత అవే చేపల్ని మళ్లీ కలిపారు. చేప బలంలోనే వరస ఉంటే రెండోసారీ అదే రావాలి. దాదాపు నాలుగింట మూడొంతుల గుంపుల్లో వరస మారిపోయింది. ఒకసారి గెలిచినది ఇంకోసారి గెలవడానికి దగ్గరవుతుంది, ఓడినది ముందే జంకుతుంది, పక్కనుంచి చూసేవి నేర్చుకుంటాయి. మొదటి పోట్లాటలు ఎటు పోయాయన్నదే చాలావరకు తేల్చేసింది.

చీమల రాణి గుడ్లు పెడుతుంది, అంతే. ఈ రోజు ఎన్ని చీమలు గింజలకి వెళ్లాలో ఆవిడ చెప్పదు. అరిజోనా ఎడారి చీమల్ని ఏళ్ల తరబడి చూసిన డెబోరా గోర్డన్ చెప్పింది ఏంటంటే, గింజతో తిరిగొచ్చే చీమలు ద్వారం దగ్గర ఎంత త్వరత్వరగా తగులుతుంటే బయటికి వెళ్లేవి అంత ఎక్కువవుతాయి. 'రాణి' అనే పేరు మనం పెట్టింది, పాపం దానికి తెలియదు.

33/11 | జనవరి 13, రాత్రి 8:25

పరమేశం గారికి నాదీ ఒక ముక్క. 400 కేవీ నా 11 కేవీకి బాస్ కాదు. మా ఫీడర్ల లోడే వాళ్ల లోడు. మేం కింద వాడితేనే వాళ్లు పైన పంపేది.

వేదిక నిర్వహణ | జనవరి 13, రాత్రి 8:40

మనుషుల పెద్దాచిన్నా గురించి ఇప్పటికే ఒక థ్రెడ్ కాలుతోంది, ఆ మాటలు అక్కడికి తీసుకెళ్లండి. ఇక్కడ కోళ్లు, కాలువలు, కరెంటు.

నీరటి మనవడు | జనవరి 14, ఉదయం 9:30

వరంగల్ వైపు మనిషిని. భోగి మంటలు అయిపోయాయి, తీరిక దొరికింది. మీరంతా డెల్టా గురించే మాట్లాడుతున్నారు, మా వైపు లెక్క వేరే. కాకతీయుల కాలం నుంచి గొలుసుకట్టు చెరువులు. పై చెరువు నిండితే మత్తడి (ఎక్కువైన నీళ్లు పొర్లిపోయే చోటు) దుంకుతుంది, ఆ నీళ్లు కింది చెరువుకు. అది నిండితే దాని కిందిదానికి. మధ్యలో ఏ ఆఫీసూ లేదు, ఏ ఫోనూ లేదు. పై ఊరివాళ్లు మత్తడి మీద రెండు ఇసుక బస్తాలు ఎక్కువ పెడితే కింది ఊరి నుంచి మనుషులు వచ్చి నిలబడతారు, అంతే కమ్యూనికేషన్.

మా తాత నీరటి. ఊళ్లో ఎవరి మడికి ఎంతసేపు తూము తెరవాలో ఆయన చేతిలో. చెరువు కింద మాత్రం మళ్లీ మీ చెట్టే, తూము, కాలువ, పిల్ల కాలువ, మడి. అంటే చెరువు నుంచి చెరువుకు గొలుసు, చెరువు కింద చెట్టు.

గొలుసు కష్టం ఏంటో కూడా చెప్తాను. పైన ఒక కట్ట తెగితే ఆ నీళ్లన్నీ ఒక్కసారి కింది చెరువు మీద పడతాయి. అది తట్టుకోకపోతే దాని కిందిది. వరస పెట్టి తెగుతాయి. 33/11 అన్న చెప్పిన ఫ్యూజు లాంటిది మా దాంట్లో మత్తడి. అది పూడిపోయి, పిచ్చి చెట్లు మొలిచి ఉంటే ఫ్యూజుకు లావు తీగ చుట్టినట్టే.

లెక్కల పిచ్చి | జనవరి 14, ఉదయం 11:50

'తెగడం' అనే మాట వచ్చింది కాబట్టి ఇది చెప్పాలి. హెర్బర్ట్ సైమన్ (1978లో అర్థశాస్త్రం నోబెల్ ఈయనకే) 1962లో ఒక చిన్న కథ చెప్పాడు. ఇద్దరు గడియారాలు చేసేవాళ్లు. ఒక్కో గడియారానికి 1000 ముక్కలు. ఒకడు 1000 ముక్కల్నీ ఏకబిగిన కూరుస్తాడు, మధ్యలో ఫోన్ మోగి లేస్తే చేతిలోది మొత్తం విడిపోతుంది. రెండోవాడు పదేసి ముక్కల్ని కలిపి ఒక గట్టి కట్ట, పది కట్టల్ని కలిపి పెద్ద కట్ట, ఆ పదింటినీ కలిపి గడియారం. ఫోన్ మోగితే పోయేది చేతిలో ఉన్న కట్ట ఒక్కటే.

ఒక్కో ముక్క పెట్టేటప్పుడు నూటికొక్కసారి ఫోన్ మోగుతుందనుకుంటే, మొదటివాడికి రెండోవాడికంటే సుమారు 4000 రెట్లు ఎక్కువ కాలం పడుతుందని సైమన్ రాశాడు. నేను నిన్న రాత్రి కూర్చుని వేశాను. మొదటివాడు ఒక గడియారానికి సగటున 23 లక్షల సార్లు ముక్క పెట్టాలి. రెండోవాడికి 111 కట్టలు, కట్టకి సగటున పదిన్నర, మొత్తం 1170 చిల్లర. భాగిస్తే 2000కి కాస్త తక్కువ. ఆయన కట్ట మధ్యలో పోయే పనిని ఉజ్జాయింపుగా అయిదు ముక్కలనుకున్నాడు, తేడా అక్కడొచ్చింది. రెండు వేలైనా నాలుగు వేలైనా మొదటివాడి కొట్టు మూతపడుతుంది లెండి.

చూడండి, ఈ కథలో పైన బాస్ లేడు. అటూ ఇటూ తెగుతుండే లోకంలో, మధ్యలో నిలబడగలిగిన ముక్కలున్నవే మిగిలాయి. మిగిలినవాటిని మనం చూసి 'అబ్బ, ఎంత అంచెలంచెలుగా ఉందో' అంటున్నాం.

డల్లాస్ బాబాయ్ | జనవరి 14, రాత్రి 11:55

ఇక్కడ ఇంకా మధ్యాహ్నమే, పండగ రోజు ఆఫీసులో ఉన్నాను, అందరికీ శుభాకాంక్షలు.

శివారు తమ్ముడూ, నీ లైన్‌లోదే ఒకటి. 1983కి ముందు నెట్‌లో ఉన్న కంప్యూటర్ల పేర్లన్నీ ఒకే ఫైలు. స్టాన్‌ఫర్డ్ రీసెర్చ్ ఇన్‌స్టిట్యూట్‌లో ఉండేది, అందరూ దాన్నే దించుకునేవాళ్లు. అంచెల్లేవు, ఒకటే జాబితా. కంప్యూటర్లు పెరిగేసరికి జాబితా మార్చేవాళ్లకి ఊపిరాడలేదు. అప్పుడు పాల్ మొకపెట్రిస్ డీఎన్ఎస్ (పేరు ఇస్తే కంప్యూటర్ చిరునామా వెతికిపెట్టే ఏర్పాటు) తయారుచేశాడు. చుక్క తర్వాత చుక్క, ఎవరి భాగం వాళ్లు చూసుకోవడం. దాని కొసన రూట్ సర్వర్లు, 13 పేర్లతో. తమాషా ఏంటంటే ఆ రూట్‌కి నీ సైట్ ఎక్కడుందో తెలీనే తెలీదు. 'డాట్ ఇన్ వాళ్లు ఫలానా చోట ఉంటారు, వాళ్లనడుగు' అని పంపేస్తుంది. అందరికంటే పైనున్నదానికి అందరికంటే తక్కువ తెలుసు.

ఇంకోటి, 2016లో జెఫ్ క్లూన్ వాళ్లు కంప్యూటర్లో చిన్న చిన్న నెట్‌వర్కుల్ని పరిణామం చెందనిచ్చారు. ఇచ్చిన పని బాగా చేస్తే చాలు అన్నప్పుడు అంచెలు రాలేదు. పనితో పాటు ప్రతి తీగకీ కొంత ఖర్చు వేసేసరికి అంచెలు వచ్చాయి. లెక్కల పిచ్చి మొదట్లో వేసిన 10,000 కిలోమీటర్ల లెక్కే ఇది, మట్టి బదులు వైరు.

లెక్కల పిచ్చి | జనవరి 15, ఉదయం 7:10

బాబాయ్, మంచి ముక్క. కానీ నా ఉత్సాహం మీద నేనే నీళ్లు పోసుకుంటాను. నదుల పిల్లవాగుల్ని అంచెలుగా లెక్కపెట్టడం 1945లో హార్టన్ మొదలుపెట్టాడు, 1952లో స్ట్రాలర్ సరిచేశాడు. పిల్లవాగుల్లేని వాగు ఒకటో అంచె. రెండు ఒకటో అంచెవి కలిస్తే రెండో అంచె. రెండోదాంట్లో ఒకటోది కలిసినా అది రెండే, మారదు. అలా లెక్కపెడితే ఎక్కడ చూసినా ఒక్కో అంచెకి కిందివి మూడు నుంచి అయిదు రెట్లుంటున్నాయి. ప్రకృతి నియమం దొరికిందని సంబరపడ్డారు. 1993లో జేమ్స్ కర్చ్‌నర్ చూపించాడు, కొమ్మల్ని ఎలా పడితే అలా కలిపినా ఇంచుమించు అదే నిష్పత్తి వస్తుందని. లెక్కపెట్టే పద్ధతే ఆ జవాబుని తెస్తోంది.

కాబట్టి శివారు గారి మొదటి ప్రశ్నలో రెండో సగానికి 'కొంతవరకు అవును' అనే చెప్పాలి.

రిటైర్డ్ డెల్టా | జనవరి 15, ఉదయం 7:40

లెక్కపెట్టే పద్ధతి సంగతి సరే. వాగులు కలవడం మాత్రం కళ్లజూసిందే. ఇల్లు కట్టేచోట ఇసుక కుప్ప మీద వాన పడ్డాక చూడండి. ముందు సన్న చారలు బోలెడు, పక్కపక్కనే. ఒకటి వెంట్రుకవాసి లోతు ఎక్కువైతే పక్క చార నీళ్లు దాంట్లోకి జారతాయి. నీళ్లు ఎక్కువైనది ఇంకా లోతు కోస్తుంది. గంటలో రెండు మూడు పెద్ద చారలు మిగులుతాయి. మేడం గారి కోళ్లకీ దీనికీ పోలిక ఉంది, ఎవరూ బలవంతులుగా పుట్టలేదు. ముందు ఎవరు కాస్త లోతు దిగారన్నదే.

బయాలజీ మేడం | జనవరి 15, ఉదయం 10:20

అందరూ చెట్టు చెట్టు అంటున్నారు, నిజం చెట్టు ఆకుని ఎవరూ చూడలేదు. రావి ఆకుని నీళ్లలో నానేసి పచ్చదనం కుళ్లిపోయాక కడిగితే ఈనెలు మాత్రం జల్లెడలా మిగులుతాయి. చిన్నప్పుడు పుస్తకాల్లో దాచుకున్నవాళ్లుంటారు. దాన్ని లైటుకి అడ్డం పెట్టి చూడండి. నడి ఈనె, పక్క ఈనెలు, పిల్ల ఈనెలు, అంచెలు స్పష్టంగా ఉంటాయి. కానీ కొసలు విడిగా ఆగిపోవు. చాలావరకు పక్కదానితో కలిసి గళ్లు గళ్లుగా అల్లుకుంటాయి. అది చెట్టు కాదు, వల.

నీళ్లు పంచడమే పనైతే వల దండగ, చెట్టే చవక. మరి వల ఎందుకు? 2010లో ఇద్దరు ముగ్గురు విడివిడిగా లెక్క చేసి చూపించారు. ఎక్కడో ఒక ఈనె తెగినా మిగతాదానికి నీరందాలి అన్నా, అక్కరలు చోటుచోటుకీ మారుతుంటాయి అన్నా, ఆ లెక్కలో గళ్లు వాటంతటవే వస్తాయి. పురుగు కొరికే లోకంలో చెట్టు ఒక్కటే సరిపోలేదు. గింకో చెట్టు ఆకులో మాత్రం ఈనెలు చీలుతూ పోతాయే గానీ దాదాపు అల్లుకోవు. అది చాలా పాత వంశం.

33/11 | జనవరి 15, మధ్యాహ్నం 12:05

మాదీ అంతే! పైన 400, 220 కేవీల్లో అంతా వలే, ఒక లైన్ పోతే ఇంకో దారి ఉంటుంది. కింద 11 కేవీకి వచ్చేసరికి ఒకే దారి, చెట్టు. డబ్బుల్లేక.

వల కూడా ఊరికే మంచిది కాదండోయ్. 2012 జూలై 30న ఉత్తర గ్రిడ్, మర్నాడు దాంతోపాటు తూర్పు, ఈశాన్యం కూడా పడిపోయాయి. ఆ రెండో రోజు 60 కోట్ల మందికి పైగా ఉండే ప్రాంతం చీకటి. దక్షిణాదికి ఏమీ కాలేదు. మనం తెలివైనవాళ్లమై కాదు, అప్పటికి మన గ్రిడ్ వాళ్లతో ఏసీ లైన్లలో జతకాలేదు, డీసీ లింకులే ఉన్నాయి. వాళ్ల ఊగులాట మన దాకా రాలేదు. 2013 డిసెంబర్ 31న రాయచూర్-షోలాపూర్ 765 కేవీ లైన్‌తో కలిపారు, అప్పట్నుంచి దేశమంతా ఒకటే గ్రిడ్. లెక్కల పిచ్చి గారి గడియారంలో కట్ట విడిగా ఉండటమంటే ఇదే.

నీరటి మనవడు | జనవరి 15, సాయంత్రం 4:15

శివారు అన్నా, ఇంతకీ మీ చేలోకి నీళ్లు వచ్చాయా?

శివారు చేను | జనవరి 15, రాత్రి 9:05

ఇంతమంది ఇంత రాస్తారనుకోలేదు. నీళ్లు నిన్న రాత్రి వచ్చాయి, మా వంతు ఆరు గంటలు. పై చేలవాళ్లు బోదెకి అడ్డంకట్ట తీయడం ఆలస్యం చేస్తే అందులో గంట పోయింది. వెన్నెల్లో పార పట్టుకుని నాన్న ఒకవైపు, నేను ఒకవైపు. నాకు తట్టింది ఏంటంటే, మీ లెక్కలన్నీ మొత్తం చెట్టుకి ఖర్చు తగ్గిందని చెప్తున్నాయి, నిజమే. కానీ మిగిలిన ఖర్చంతా కొసనున్నవాడి మీద పడింది. 220 కిలోమీటర్ల లెక్కలో మా ఆరు గంటలు ఎక్కడా కనపడవు.

రిటైర్డ్ డెల్టా | జనవరి 15, రాత్రి 9:30

అది ఉన్నమాటే బాబూ. సర్వీసంతా నేను విన్న అర్జీల్లో సగం శివారువే. 1997లో రైతుల చేతికి కాలువల యాజమాన్యం ఇచ్చే చట్టం వచ్చినప్పుడు సంఘాల్ని కూడా కాలువ ఆకారంలోనే పెట్టారు. కింద నీటి వినియోగదారుల సంఘం, పైన డిస్ట్రిబ్యూటరీ కమిటీ, ఆ పైన ప్రాజెక్టు కమిటీ. నీళ్లు పైనుంచి కిందికి వస్తాయి, మనుషులు కిందనుంచి పైకి వెళ్తారు, మధ్యలో ఎక్కడో కలుస్తారని ఆశ. కొన్నిచోట్ల కలిశారు కూడా.

శివారు చేను | జనవరి 27, రాత్రి 10:10

హైదరాబాద్ వచ్చేశాను గానీ ఒక అప్‌డేట్. మేడం చెప్పినట్టు రావి ఆకులు బకెట్లో నానేశాను, నాలుగో రోజు అమ్మ కంపు కొడుతోందని పారబోసింది. చెల్లి రెండో విడత చాకలి సోడా వేసి మరగబెట్టి, పాత టూత్‌బ్రష్‌తో రుద్దింది. రెండు చిరిగాయి, ఒకటి నిలబడింది. మా మేనకోడలు (ఏడేళ్లు) ఆ ఆకుని కిటికీ అద్దానికి అతికించి ఆట పెట్టింది. నడి ఈనెని సూదితో ఒకచోట తెంపి, తొడిమ నుంచి కొసదాకా గీతలు వదలకుండా ఎన్ని దారులున్నాయో స్కెచ్ పెన్‌తో వెతకడం. మూడు దొరికాయి, ఇంకా వెతుకుతోందట.

నాన్న ఫోన్లో ఆ ఫొటో చూసి, "మన బోదెకి ఇట్టాంటి అడ్డదారి ఒకటుంటే బాగుణ్ణు" అన్నారు.

రిటైర్డ్ డెల్టా | జనవరి 28, ఉదయం 5:50

ఉంది కదా బాబూ. మీ నాన్నగారు వంతు నీళ్లు చాలనప్పుడు మురుగు కాలువలో ఆయిలింజన్ పెట్టి తోడుకోరా? పై ఊళ్ల చేలు వదిలిన నీళ్లే అవి. నేను చెప్పిన రెండు చెట్లకీ అక్కడ ముడి పడింది. ఏ డ్రాయింగులోనూ ఉండదది.

శివారు చేను | జనవరి 28, ఉదయం 8:15

తోడుతున్నారండీ. కనుమ మర్నాడు డీజిల్ డబ్బా మోసుకొచ్చింది నేనే. అప్పుడు తట్టలేదు.